లైబ్రరీ కేటలాగులో లాగిన్ లింకు ఎక్కడ పెట్టాలి?

లైబ్రరీ కేటలాగు తెరిచిన పాఠకుడికి తనకు కావలసిన పుస్తకం ఉందో లేదో, ఏ బీరువాలో ఉందో, ఎన్ని కాపీలు ఉన్నాయో చూసుకోవడానికి లాగిన్‌తో పని లేదు. తన దగ్గరున్న పుస్తకానికి గడువు పెంచుకోవాలన్నా, మరొకరు తీసుకెళ్లిన పుస్తకాన్ని తన పేరున రిజర్వు చేసుకోవాలన్నా, ఫైను ఎంతయిందో తెలుసుకోవాలన్నా, లైబ్రరీ కొంటే బాగుంటుందనుకున్న పుస్తకాన్ని సూచించాలన్నా మాత్రం లాగిన్ తప్పదు. లింకు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది. పుస్తకం వెతుక్కునేవాడికి లాగిన్ అడ్డం రాకూడదు, దానితో పని పడినవాడికి కనబడకుండా పోకూడదు.

ఉదాహరణలన్నీ కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేరు నుంచి తీసుకుంటున్నాను. న్యూజిలాండ్‌లోని ఒక ప్రజా గ్రంథాలయ ట్రస్టు కోసం తయారై 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన ఈ సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది, దాని సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉంటుంది. అందుకే మన రెండు రాష్ట్రాల్లోని కళాశాలల్లోనూ అది బాగా కనబడుతుంది. కోహా అంటే మావోరీ భాషలో కానుక అని అర్థం. సోల్, ఈ-గ్రంథాలయ వంటి వేరే లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు వాడేవారికి మెనూల పేర్లు వేరుగా ఉంటాయి గానీ, చోటు గురించి ఇక్కడ చెప్పేది వారికీ వర్తిస్తుంది.

ముందుగా చూడవలసిన రెండు సెట్టింగులు

లింకును ఎక్కడికి జరపాలా అని ఆలోచించే ముందు కోహా అడ్మినిస్ట్రేషన్‌లోని సిస్టమ్ ప్రిఫరెన్సెస్ తెరిచి, ఓపాక్ (పాఠకులు ఆన్‌లైన్‌లో చూసే కేటలాగు) ట్యాబులో 'ఓపాక్ పబ్లిక్' అన్నది ఎలా ఉందో చూడండి. దాన్ని ఆపేస్తే కేటలాగు మొత్తానికి తాళం పడుతుంది. లాగిన్ అయితే తప్ప ఎవరికీ ఒక్క పుస్తకం పేరైనా కనబడదు. భద్రత కోసమని కొందరు దీన్ని ఆపి ఉంచుతారు. అయితే దాచవలసినవి పాఠకుల వివరాలే గాని పుస్తకాల పేర్లు కావు, పాఠకుల వివరాలు ఎలాగూ లాగిన్ వెనకే ఉంటాయి. ఇంకా కార్డు చేతికి రాని మొదటి సంవత్సరం విద్యార్థినీ, ఒక్క పుస్తకం కోసం పక్క ఊరి నుంచి బయలుదేరే ముందు అది ఉందో లేదో చూసుకోవాలనుకునే పరిశోధకుణ్నీ గుమ్మం బయట నిలబెట్టడం లైబ్రరీ చేయవలసిన పని కాదు. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది. కేటలాగు వాకిట్లో తాళం వేయడం ఆ సూత్రాన్ని మొదటి మెట్టు మీదే మరవడం అవుతుందని నా గట్టి అభిప్రాయం.

రెండోది 'ఓపాక్ యూజర్ లాగిన్'. ఇది అనుమతించి ఉండాలి. అది ఆగి ఉంటే లాగిన్ లింకు ఏ పేజీలోనూ రాదు. లింకు మాయమైందని థీము ఫైళ్లన్నీ గాలిస్తూ ఒక పూటంతా గడిపినవారు, చివరికి ఈ ఒక్క ప్రిఫరెన్సు దగ్గరికే వచ్చి ఆగడం నేను చూశాను.

కుడివైపు పైమూల, ప్రతి పేజీలోనూ

కోహా మామూలుగా ఇచ్చే అమరికలో పేజీ పైన ఒక పట్టీ ఉంటుంది. దానికి ఎడమ చివర కార్టు, లిస్టులు ఉంటాయి, కుడి చివర లాగిన్ లింకు ఉంటుంది. లింకు నొక్కితే ఉన్న పేజీ మీదే చిన్న పెట్టె తెరుచుకుని, కార్డు నంబరూ పాస్‌వర్డూ అడుగుతుంది. ఈ అమరికను మార్చకండి. పాఠకుడి చూపు ఆ మూలకు వెళ్లడం మెయిలు, బ్యాంకు, షాపింగు సైట్లు రోజూ వాడడం వల్ల వచ్చిన అలవాటు. నెలకోసారి కేటలాగు తెరిచే మనిషికి మనం కొత్త అలవాటు నేర్పలేము, నేర్పనవసరమూ లేదు.

మూల ఎంత ముఖ్యమో, ఆ మూల మారకపోవడం అంత ముఖ్యం. హోమ్ పేజీలో ఉన్న లింకు వెతుకులాట ఫలితాల పేజీలోనూ, పుస్తకం వివరాల పేజీలోనూ, లిస్టుల పేజీలోనూ అదే చోట ఉండాలి. చాలామంది పాఠకులు గూగుల్‌లో పుస్తకం పేరు కొట్టి నేరుగా వివరాల పేజీకే వచ్చేస్తారు గనుక, లింకు హోమ్ పేజీలో మాత్రమే ఉంటే వారి వరకు అది లేనట్టే.

సాధారణంగా ఈ అమరిక చెడేది అలంకారం వల్ల. కళాశాల బ్యానరు పేజీ అంచు నుంచే మొదలవ్వాలని పై పట్టీని సీఎస్ఎస్‌తో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడుతో) దాచేసి, లాగిన్‌ను పేజీ అడుగున ఫోన్ నంబర్ల పక్కకు నెట్టిన సైట్లు ఉన్నాయి. మరికొన్ని చోట్ల పట్టీ ఉంటుంది గానీ, ముదురు నీలం మీద లేత నీలం అక్షరాలతో లింకు ఉండీ లేనట్టు ఉంటుంది. అక్షరం రంగుకూ వెనకటి రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతున్నాయి. రెండు రంగుల కోడ్లు ఇస్తే ఆ నిష్పత్తిని లెక్కగట్టి చెప్పే సైట్లు ఉచితంగా దొరుకుతాయి. ఎండలో బస్‌స్టాపులో నిలబడి ఫోను చూసుకునే పాఠకుణ్ని తలుచుకుంటే ఈ అంకె ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

హోమ్ పేజీలోని లాగిన్ పెట్టె

కోహా హోమ్ పేజీలో కుడి నిలువు వరుసలో లాగిన్ పెట్టె కూడా ఉంటుంది. పేరు, పాస్‌వర్డు అక్కడే టైపు చేయవచ్చు. దాని కిందే 'ఓపాక్ నావ్ రైట్'లో మనం పెట్టుకున్న విషయాలు వస్తాయి. కంప్యూటరు తెర మీద ఈ పెట్టె వల్ల మేలే గాని కీడు లేదు. చిక్కంతా దాన్ని కదిపినప్పుడూ, దాని మీదే ఆధారపడినప్పుడూ వస్తుంది.

ఒక కళాశాల లైబ్రరీలో ఎవరో ఉత్సాహవంతులు ఈ పెట్టెను పేజీ నడుమకు, వెతికే పెట్టె కంటే పైకి తెచ్చి పెద్దదిగా పెట్టారు. ఒక రోజు కౌంటరు పక్కనున్న కంప్యూటరు దగ్గర ఒక అధ్యాపకుడు కూర్చుని, ఒక కథల సంకలనం పేరు టైపు చేసి ఎంటర్ నొక్కారు. యూజర్ నేమ్ గానీ పాస్‌వర్డు గానీ తప్పని వచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, పుస్తకం పేరులో ఏదో తప్పు పడిందనుకుని ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టారు. మళ్లీ అదే వచ్చింది. పేజీలో అన్నిటికంటే పైన కనబడిన ఖాళీ గడిని ఆయన వెతికే గడి అనుకున్నారు. కేటలాగులో ఎవరైనా అలాగే అనుకుంటారు. మూడోసారి ప్రయత్నించకుండా, పుస్తకం లేదట అంటూ లేచిపోయారు. రాక్‌లో ఆ పుస్తకం రెండు కాపీలు ఉన్నాయి. కేటలాగు పేజీలో మొదటి ఖాళీ గడి వెతికే గడే అయి ఉండాలన్న నియమాన్ని నేను ఆ రోజు నుంచి ఎక్కడా వదల్లేదు.

రెండో చిక్కు ఫోనులో వస్తుంది. తెర వెడల్పు చాలనప్పుడు పక్కపక్కన ఉన్న నిలువు వరుసలు ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటాయి. కుడి వరుస అన్నిటికంటే కిందికి పోతుంది. పుస్తకానికి గడువు పెంచుకోలేక ఫైను పడిన ఒక డిగ్రీ విద్యార్థిని, ఊరి నుంచి తాను ఏం చేసిందో కౌంటరు దగ్గర తన ఫోనులోనే చేసి చూపించింది. బొటనవేలితో పేజీని పైకి తోస్తూ పోయింది. కొత్తగా వచ్చిన పుస్తకాల అట్టలు, లైబ్రరీ వేళలు, సెలవుల జాబితా, పాత ప్రశ్నపత్రాల ప్రకటన అన్నీ వచ్చాయి. సెలవుల జాబితా దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. లాగిన్ పెట్టె దానికింద ఇంకో రెండు తెరల దూరంలో ఉంది. పై పట్టీని ఆ సైటులో తీసేశారు గనుక ఆమెకు వేరే దారి లేదు. ఆ ఫైను ఆమె నిర్లక్ష్యానికి పడలేదు, మన పేజీ అమరికకు పడింది.

కాబట్టి హోమ్ పేజీ పెట్టెను అదనపు సౌకర్యంగా మాత్రమే ఉంచుకోండి. పై పట్టీలోని లింకే అసలు దారి. ఫోనులో కొన్ని థీములు ఆ లింకును మూడు గీతల మెనూలోకి మడిచేస్తాయి, కొన్ని మనిషి బొమ్మగా మార్చేస్తాయి. మీ సైటులో ఏం జరుగుతోందో మామూలు ధర ఫోను ఒకటి తీసుకుని స్వయంగా తెరిచి చూడండి. మెనూలోకి పోతుంటే బయటికి తెచ్చి, మాట కనబడేలా ఉంచండి. పట్టీలో చోటు చాలదంటే లోపలికి పోవలసింది కార్టు, లిస్టులే. వేలితో నొక్కే చోటు ఎంత ఉండాలన్నదానికి 2023 అక్టోబరులో వచ్చిన వెబ్ సౌలభ్య ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2 నిలువునా అడ్డంగా 24 పిక్సెళ్లను కనీసంగా పెట్టింది. ఇంకా పై స్థాయిలో 44 పిక్సెళ్లు అడుగుతుంది. లాగిన్‌కు ఆ 44 ఇవ్వడమే మంచిది.

పని పడిన చోట

పైమూల లింకు కాకుండా లాగిన్ తప్పనిసరిగా ఉండవలసిన రెండో చోటు, అవసరం పుట్టే చోటు. పాఠకుడు ఒక పుస్తకం వివరాలు చూస్తున్నాడు, కాపీలన్నీ ఇష్యూలో ఉన్నాయి, రిజర్వు చేసుకుందామనుకున్నాడు. అప్పుడు అతని చూపు పైమూలకు పోదు, పుస్తకం పేరు పక్కన ఉన్న బటన్ల మీదే ఉంటుంది. లాగిన్ కాలేదు కదా అని ఆ రిజర్వు బటన్‌ను దాచేయకండి. కనబడనివ్వండి, నొక్కనివ్వండి, అప్పుడు లాగిన్ అడగండి. కోహా ఈ పనిని బాగానే చేస్తుంది. రిజర్వు నొక్కితే లాగిన్ పేజీ చూపి, వివరాలు సరిపోగానే అదే పుస్తకం రిజర్వు పేజీకి తీసుకుపోతుంది.

సొంతంగా మార్పులు చేసినవారు ఈ తిరుగుదారిని తెంపేయకుండా జాగ్రత్తపడాలి. లాగిన్ అయిన ప్రతివారినీ హోమ్ పేజీకి పంపే ఏర్పాటు చేస్తే, పాఠకుడు అంతసేపూ వెతికి పట్టుకున్న పుస్తకం చేజారిపోతుంది, మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. మార్పు చేసిన ప్రతిసారీ పరీక్ష ఖాతా ఒకటి పెట్టుకుని, లాగిన్ కాకుండా ఒక పుస్తకం దగ్గర రిజర్వు నొక్కి, చివరికి ఎక్కడ తేలారో చూసుకోండి.

గడువు ముగుస్తోందని పంపే మెయిలు కూడా ఇలాంటి చోటే. అందులో కేటలాగు హోమ్ పేజీ లింకు పెట్టకుండా, ఖాతా పేజీ లింకు పెట్టండి. కోహాలో ఆ పేజీ లాగిన్ కానివారికి లాగిన్ అడుగుతుంది, అయినవారికి తీసుకున్న పుస్తకాలనూ గడువు తేదీలనూ చూపిస్తుంది. కళాశాల వెబ్‌సైటు నుంచి ఇచ్చే లింకుకూ ఇదే పద్ధతి పాటించండి.

లింకు మీద ఏ మాట ఉండాలి

తెలుగు కేటలాగు తయారుచేసేవారు ఈ మాట దగ్గర చాలాసేపు ఆగుతారు, ఆగాలి కూడా. 'ప్రవేశించండి' అంటే ఎక్కడికి ప్రవేశించాలో తెలియదు, అడ్మిషన్ల లింకు అనుకునే ప్రమాదమూ ఉంది. 'నా ఖాతా' అర్థమవుతుంది గానీ లాగిన్ కావాలన్న సూచన అందులో లేదు. 'మీ ఖాతాలోకి లాగిన్ అవ్వండి' స్పష్టంగానే ఉన్నా ఫోను తెర మీద రెండు వరుసలకు విరిగిపోతుంది. నా మట్టుకు 'లాగిన్' అన్న ఒక్క మాటే చాలు. ఆటో నడిపే ఆయన దగ్గర్నుంచి ఆచార్యుల దాకా అందరూ వాడే మాట అది. లాగిన్ అయ్యాక అదే చోట పాఠకుడి పేరు, దాని కింద 'నా పుస్తకాలు', 'లాగౌట్' రావాలి.

తెలుగు అక్షరాల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. పై పట్టీల ఎత్తు ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని నిర్ణయిస్తారు. 'పుస్తకాలు' అని రాస్తే 'స'కింద ఉన్న 'త' వత్తు పట్టీ అంచుకు తగిలి తెగిపోతుంది, పైనున్న గుడులూ తలకట్లూ పైగీతకు ఆనుకుంటాయి. వరుస ఎత్తును అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా పెంచి చూడండి. వత్తు తెగిన అక్షరం చదవడానికి ఇబ్బంది పెట్టడమే కాకుండా, ఆ సైటు తెలుగువారిని పట్టించుకోలేదన్న భావన కలిగిస్తుంది.

లాగిన్ పెట్టెలో కార్డు నంబరు అన్నచోట ఏ నంబరు వేయాలో కూడా రాయండి. విద్యార్థికి హాల్ టికెట్ నంబరు, రోల్ నంబరు, అడ్మిషన్ నంబరు, లైబ్రరీ కార్డు మీద బార్‌కోడ్ నంబరు ఉంటాయి. వాటిలో మీరు కోహాలో ఎక్కించింది ఏదో అతనికి ఎలా తెలుస్తుంది? లాగిన్ సూచనల కోసం కోహాలో ప్రత్యేకంగా చోటు ఉంది, అక్కడ ఒక్క వాక్యం రాస్తే చాలు. పాస్‌వర్డు మరిచిపోయినవారి లింకు కూడా అక్కడే, పాస్‌వర్డు గడి కిందే ఉండాలి. దీనికి 'ఓపాక్ రీసెట్ పాస్‌వర్డ్' ప్రిఫరెన్సు తెరవాలి, పాఠకుడి రికార్డులో మెయిలు చిరునామా సరిగ్గా ఉండాలి.

ఒకే పేజీలో నాలుగు లాగిన్‌లు

కళాశాల లైబ్రరీ పేజీలలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం ఇది. కోహా లాగిన్, కళాశాలలకు ఈ-పుస్తకాలు, జర్నళ్లు అందించే ఎన్-లిస్ట్ లాగిన్, ఇంటి నుంచి ఈ-జర్నళ్లు చదివే సేవ లాగిన్, భారత జాతీయ డిజిటల్ లైబ్రరీ లాగిన్, ఒక్కోచోట లైబ్రరీ సిబ్బంది లాగిన్ కూడా, అన్నీ ఒకే వరుసలో ఒకే రంగు బటన్లుగా ఉంటాయి. వీటి యూజర్ నేమ్‌లు వేరు, పాస్‌వర్డులు వేరు. ఒకదాని పాస్‌వర్డు ఇంకోదానిలో కొట్టి, రాక, విసిగిపోయిన విద్యార్థి లైబ్రరీ సైటు పనిచేయదని తేల్చేస్తాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

పైమూల చోటును కేటలాగు లాగిన్‌కు మాత్రమే కేటాయించండి. మిగిలిన సేవలను 'ఈ-పుస్తకాలు, జర్నళ్లు' అన్న వేరే విభాగంలోకి తీసుకెళ్లి, ఒక్కో సేవ పేరు కింద అందులో ఏం దొరుకుతుందో, ఏ పాస్‌వర్డు వాడాలో రాయండి. సిబ్బంది లాగిన్‌ను పాఠకుల పేజీల్లో అసలు పెట్టకండి. కోహాలో సిబ్బంది పనిచేసే భాగానికి చిరునామానే వేరు. దాన్ని కౌంటరు కంప్యూటర్లలో బుక్‌మార్కు చేసుకుంటే సరిపోతుంది.

చూడలేనివారికి, అందరూ వాడే కంప్యూటర్లకు

ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడరుతో పేజీని వినే పాఠకుడికి కుడి, ఎడమ అన్నవి లేవు. ముందు వచ్చేది, తర్వాత వచ్చేది అన్నదే ఉంటుంది. లింకు పై పట్టీలో ఉంటే పేజీ మొదట్లోనే వినబడుతుంది. కంటికి మూలలో కనబడుతూ, కోడులో మాత్రం పేజీ చివర ఉన్న లింకు అతనికి చివరికి గాని అందదు. బొమ్మ మాత్రమే పెట్టి మాట వదిలేసినా, 'ఇక్కడ నొక్కండి' అని రాసినా, లింకులను మాత్రమే వింటూ పోయేటప్పుడు అది దేనికో తెలియదు. మౌసు పక్కన పెట్టి, ట్యాబ్ మీటతో లింకు దాకా వెళ్లి, ఎంటర్‌తో తెరిచి, కర్సరు నేరుగా కార్డు నంబరు గడిలోకి వచ్చిందో లేదో చూడండి.

లైబ్రరీలో అందరూ వాడే కంప్యూటర్లలో ఒకరు లాగౌట్ మరిస్తే తర్వాత వచ్చినవారు వారి ఖాతాలోనే ఉంటారు. లాగౌట్‌ను లాగిన్ ఉన్న చోటే ఉంచండి, ఎంతసేపు వాడకపోతే దానంతటదే లాగౌట్ కావాలో చెప్పే 'టైమౌట్' ప్రిఫరెన్సును కోహాలో తగ్గించండి, ఆ కంప్యూటర్ల బ్రౌజర్లు పాస్‌వర్డులు దాచుకోకుండా సెట్టింగు మార్చండి. కేటలాగు వెతకడానికే పెట్టిన కంప్యూటర్లలో లాగిన్ అసలు వద్దనుకుంటే, వాటి కోసం వేరే చిరునామా పెట్టి, సైటును నడిపే వెబ్ సర్వరు అపాచీ సెట్టింగుల ద్వారా ఆ చిరునామాకు మాత్రమే లాగిన్ ఆపేసే వీలు కోహాలో ఉంది.

మార్చాక ఎలా పరీక్షించాలి

అయిదారుగురు పాఠకులను, వీలైతే కేటలాగు ఎప్పుడో గాని తెరవనివారిని, ఒక్కొక్కరినే పిలవండి. లాగిన్ లింకు ఎక్కడుందో చెప్పమని అడగవద్దు. అలా అడిగితే వెతికి పట్టుకుంటారు, మనకు తెలిసేదేమీ ఉండదు. 'మీ దగ్గరున్న పుస్తకానికి గడువు పెంచుకోండి' అని వారి ఫోనే వారి చేతిలో ఉంచి పక్కన నిలబడండి. మాట సాయం చేయకండి. వేలు ఎక్కడ ఆగిందో, ఏ బటన్ ముందు నొక్కారో, వెనక్కి ఎన్నిసార్లు వచ్చారో కాగితం మీద రాసుకోండి. ఇద్దరు ఒకే చోట తడబడితే, తప్పు ఆ చోటుదే.

అంకెల కోసం పాఠకుడు చివరిసారి ఎప్పుడు కనబడ్డాడన్న తేదీని కోహాలో నమోదయ్యేలా పెట్టుకోవచ్చు. దాన్నిబట్టి ఒక నెలలో ఎంతమంది వచ్చారో రిపోర్టు తీయవచ్చు. అయితే పరీక్షల నెలకూ సెలవుల నెలకూ పోలిక పెట్టకండి. ఈ సెమిస్టరు రెండో నెలను పోయిన సెమిస్టరు రెండో నెలతోనే పోల్చండి.

మార్పును పరీక్షల ముందు చేయవద్దు. సెమిస్టరు మొదట్లో, కొత్త విద్యార్థులకు లైబ్రరీ పరిచయం చేసే వారంలో చేస్తే, వారికి మొదటి రోజు నుంచే కొత్త చోటు అలవాటవుతుంది. పాతవారి కోసం పాత చోట 'లాగిన్ ఇప్పుడు పైన కుడివైపు ఉంది' అన్న వాక్యాన్ని ఆ సెమిస్టరంతా ఉంచి, తర్వాత తీసేయండి. కౌంటరు అద్దం మీద అంటించిన పాత స్క్రీన్‌షాట్ కాగితాన్ని కూడా ఆ రోజే మార్చడం మరవకండి.